స్ట్రిప్పులు గీసే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కామిక్ స్ట్రిప్పులు చూశానమ్మా. గీతలో పట్టు వచ్చింది. వాచ్‌మన్ యాసని వెక్కిరించింది మాత్రం నాకు నచ్చలేదు. అపార్ట్‌మెంటువాళ్ల డాబుని ఏడిపిద్దామని మొదలెట్టి, అక్కడ అందరికన్నా తక్కువ జీతగాణ్ణి పట్టుకున్నావు.

అమెరికన్ కార్టూనిస్టు రిచర్డ్ అవుట్‌కాల్ట్ 1895 నుంచి 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో వేసిన 'హోగన్స్ ఆలీ' బొమ్మలు వెతికి చూడు. చాలావాటిలో గడులుండవు, ఒకటే పెద్ద బొమ్మ. పేదల అద్దె కొంపల మధ్య ఇరుకు సందు, నిండా పిల్లలు. వాళ్లు కుక్కల ప్రదర్శన పెడతారు, గోల్ఫ్ ఆడతారు. అవన్నీ ఆ ఊళ్లో డబ్బున్నవాళ్ల సరదాలు. ముందు పిల్లల్ని చూసి నవ్వొస్తుంది. కాసేపు చూస్తే అసలు ఆ దొరల గోల్ఫే వేషంలా కనిపిస్తుంది. బొమ్మని తొందరపడి తిప్పెయ్యకు, మూలమూలా ఏదో ఒకటి జరుగుతుంటుంది.

అందులో గుండు పిల్లాణ్ణే జనం 'ఎల్లో కిడ్' అన్నారు. తర్వాత్తర్వాత వాడి మాటలన్నీ పొడుగు చొక్కా మీదే రాసేవాడు అవుట్‌కాల్ట్. 1896లో పోటీ పత్రిక యజమాని హర్స్ట్ ఆయన్ని తన 'జర్నల్'కి లాక్కుపోతే, 'వరల్డ్' యజమాని పులిట్జర్, జార్జ్ లక్స్ అనే మరో చిత్రకారుడి చేత అదే పిల్లాణ్ణి గీయించాడు. కాబట్టి ఎడిటర్ ఎంత మెచ్చుకున్నా, హక్కుల కాగితం పూర్తిగా చదివాకే సంతకం పెట్టు.

1913లో మొదలైన జార్జ్ మెక్‌మానస్ స్ట్రిప్పు 'బ్రింగింగ్ అప్ ఫాదర్' కూడా చూడు. అందులో జిగ్స్ ఒకప్పుడు ఇటుకలు మోసిన ఐరిష్ కూలీ. డబ్బు కలిసొచ్చాక భార్య మ్యాగీకి పెద్దింటి మర్యాదలు కావాలి. ఆయనకేమో పాత స్నేహితులతో డింటీ మూర్ హోటల్లో కూర్చుని క్యాబేజీ, ఉప్పుబీఫ్ తినాలని ఉంటుంది. గీసిన మెక్‌మానస్‌దీ ఐరిష్ కుటుంబమే. తనవాళ్లని ఎక్కడ గిల్లాలో ఆయనకి తెలుసు. అయితే మ్యాగీ చేతిలో అప్పడాల కర్ర చవకబారు జోకు, దాన్ని వదిలెయ్. ఆ కాలం స్ట్రిప్పుల్లో నల్లవాళ్లని గీసిన తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. అదీ మనకొద్దు.

ఇక నీ స్ట్రిప్పు. వాచ్‌మన్ చేత ఒక్క మాటా అనిపించకు. లిఫ్టు పక్కన 'పనివాళ్లు, డెలివరీ బాయ్స్ మెట్లే వాడవలెను' అని బోర్డు గీయి. అతను మంచినీళ్ల క్యాన్ భుజాన పెట్టుకుని మెట్లెక్కుతుంటాడు. లిఫ్టులో అసోసియేషన్ ప్రెసిడెంటు గారి కుక్క ఒక్కటే పైకెళుతుంటుంది.