బొమ్మలో ఓనరు లేడు

తమ్ముడూ,

నీ కథ అందింది. అద్దె ఇంటి కోసం తిరిగే కుర్రాడి పాట్లు బాగా పట్టావు. టూలెట్ బోర్డు మీది నంబరుకి ఫోన్ చేయగానే "ఫ్యామిలీయా, బ్యాచిలరా?" అని అడగడం, కాసేపు నసిగి "ఇంతకీ మీరేమిట్లు?" అనడం చదువుతుంటే నవ్వొచ్చింది. ఓనరు స్వయంగా రంగం మీదికొచ్చేసరికి మాత్రం కథ చప్పబడింది. బొజ్జ, మెళ్లో లావుపాటి గొలుసు, మాటకి ముందో వెకిలి నవ్వు. ఇలాంటి మనిషిని నువ్వు సినిమాల్లో తప్ప ఎక్కడా చూసి ఉండవు.

మా హాల్లో ఫ్రేము కట్టి ఉన్న బొమ్మ ఏమిటని అడిగావు కదా. దానికీ నీ కథకీ కలిపే జవాబు రాస్తున్నాను.

గీసినాయన ఒనోరె దోమియె, ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుడు. 1808లో మార్సేలో పుట్టి పారిస్‌లో పెరిగాడు. మా ఇంట్లో ఉన్నది నకలే. భూతద్దం పెడితే ఆఫ్‌సెట్ అచ్చు చుక్కలు కనిపిస్తాయి. అసలు ప్రతిలోనైతే చుక్కలు కాదు, రాతి గరుకు మీద క్రేయాన్ రాసుకుపోయిన జాడ ఉంటుంది. నున్నగా చదును చేసిన సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో తిరగేసి బొమ్మ గీస్తారు. తర్వాత రాయిని తడిపి సిరా పూస్తే, సిరా జిడ్డున్న చోటే అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటదు. దాని మీద కాగితం నొక్కితే బొమ్మ అచ్చవుతుంది. పని అయ్యాక రాయిని మళ్లీ అరగదీసి ఇంకో బొమ్మకి వాడుకునేవాళ్లు. 'లె షరివరి' అనే వ్యంగ్య పత్రికలో వచ్చిన ప్రతులకైతే వెనక వైపు వార్తలు అచ్చయి ఉంటాయి, వెలుతురుకి పెడితే ఆ అక్షరాలు బొమ్మలోకి తొంగి చూస్తాయి. ఇలా నాలుగు వేల దాకా గీశాడాయన. చాలావరకు పత్రిక పనే, గడువు లోపల ఇవ్వాల్సిన పని. "మూడ్ రాలేదన్నా" అని నువ్వు రాసిన వాక్యం దగ్గర ఈ లెక్క గుర్తొచ్చింది, అంతకంటే ఏమీ అనను.

ఇక బొమ్మ. 1847లో మొదలుపెట్టిన సిరీస్‌లోది. అద్దెకుండేవాళ్ల మీద, ఇంటి ఓనర్ల మీద వేసిన సిరీస్ అది. బయట వాన, ఇంటి కప్పు కారుతోంది. అద్దెకున్న పెద్దమనిషి మంచం దిగలేదు, పడుకునే గొడుగు పట్టుకున్నాడు. కింద వ్యాఖ్య: ఈ బందిపోటు ఓనరు ఎండ కాస్తే తప్ప రిపేరు చేయించనంటాడే, అని ఆయన గొణుగుడు.

బొమ్మంతా వెతుకు, ఓనరు లేడు. ఆయన పొట్ట ఎంతుందో, గొలుసు ఎన్ని తులాలో మనకి తెలియదు. తెలిసిందల్లా ఆయన చెప్పిన కారణం. ఆ కారణం తప్పు కూడా కాదు! వానలో కప్పెక్కి ఎవడు పని చేస్తాడు? ఎండ కాసినప్పుడేమో కప్పు కారదు, కాబట్టి తొందరేముంది అంటాడు. ఎటు చూసినా ఓనరు మాట నిలుస్తుంది, అద్దెవాడు తడుస్తాడు. ఆయన మాటలో తర్కం ఉండబట్టే మనకి ఒళ్లు మండుతుంది. నీ ఓనరు దగ్గర ఒక్క కారణమూ లేదు, ఊరికే చెడ్డవాడు. అలాంటి వాడిని తిట్టడానికి రచయిత ఎందుకు?

రెండోది, ఆ గొడుగు. లేచి గిన్నె పెట్టొచ్చు, మంచం జరపొచ్చు, ఓనరు తలుపు బాదొచ్చు. ఈయన గొడుగు విప్పుకుని సర్దుకున్నాడు. దోమియె అద్దెవాడి పక్షమే, అందులో సందేహం లేదు, అయినా అతన్ని కూడా వదల్లేదు. నీ కుర్రాడు మాత్రం మొదటి పేజీ నుంచి చివరిదాకా కడిగిన ముత్యం. అబద్ధం ఆడడు, ఎవరికీ లొంగడు. బ్యాచిలర్ కాదని చెప్పించడానికి ఊళ్లోంచి అక్కని పిలిపించుకునే రకమైతే నేను వాడి వెంట ఇంకో పది పేజీలు నడిచేవాణ్ని.

ఈ కారే కప్పుల దాకా దోమియె ఎలా వచ్చాడో కూడా తెలుసుకో. కుర్రతనంలో ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌ని తిండిపోతు రాక్షసుడిలా గీసి 1832లో ఆరు నెలల జైలు శిక్ష తెచ్చుకున్నాడు. 1835లో రాజకీయ వ్యంగ్యచిత్రాల మీద చట్టం బిగిసింది. అప్పుడు లాయర్లు, డాక్టర్లు, మొగుడూ పెళ్లాల పోట్లాటలు, అద్దెలు ఆయన సరుకయ్యాయి. అంతమాత్రాన కోపం చల్లారిందనుకోకు. 1853 నాటి ఇంకో బొమ్మ ఉంది. ఆ ఏడే ఓస్మాన్ అనే ఆయన పారిస్ ప్రిఫెక్టు (మన కలెక్టరు లాంటి అధికారి) అయ్యాడు, చక్రవర్తి నెపోలియన్ 3 కోసం పాత ఇళ్లు కూల్చి పెద్ద రోడ్లు వేయించడం మొదలైంది. దోమియె బొమ్మలో ఒక మొగుడూ పెళ్లాం కూలుతున్న ఇంటి ముందు నిలబడతారు. అదుగో మన శోభనం గది, ఈ లిమూజాన్ వాళ్లకి జ్ఞాపకాలంటే గౌరవమే లేదు, అని భర్త వాపోతాడు. లిమూజాన్ వాళ్లంటే ఫ్రాన్స్‌లోని ఆ ప్రాంతం నుంచి పారిస్‌కి వలస వచ్చిన తాపీ పనివాళ్లు. చక్రవర్తిని గీయకూడదు, ప్రిఫెక్టు కనిపించడు, కాబట్టి తిట్లన్నీ తాపీమేస్త్రీకి! నీ కథలో వాచ్‌మన్ ఉన్నాడు చూడు, గేటు దగ్గర రెండు ముక్కలు మాట్లాడి మాయమయ్యే మనిషి. ఓనరు మీద కోపం నీ కుర్రాడు ఎవరి మీద చూపిస్తాడో ఆలోచించు. నాకైతే అక్కడ ఇంకో సీను కనిపిస్తోంది.

ఇంకొక విషయం, చిన్నదే. దోమియె బొమ్మల కింది మాటలు చాలావరకు పత్రికవాళ్లే రాసేవారు. అంటే ఆ మాటలు మూసేసి చూసినా బొమ్మ నిలబడాలి. నీ ఆఖరి పేరా, "నగరం మనుషుల్ని కలపదు, విడదీస్తుంది" అంటూ సాగేది, ఆ మూసేసే భాగమే. కొట్టేయ్. మా తరానికి ఉపన్యాసం జబ్బుంది, అది నీకు అంటుకోవడం నాకు ఇష్టం లేదు.

ఈసారి ఓనరుని ఫోన్లోనే ఉంచి రాయి. మొహం చూపించకు. బ్యాచిలర్లకి ఎందుకివ్వడో ఆయన చేతే చెప్పించు, విన్నవాడు "అదీ నిజమే కదా" అనుకునేలా. నీళ్ల ట్యాంకర్ ఖర్చో, కింది ఇంటివాళ్ల ఫిర్యాదో, నీకే బాగా తెలుసు. దసరాలోపు పంపు. అడ్వాన్సు వాపసు అడిగే సీను జోలికి మాత్రం పోకు. పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె కోసేసుకుని, గోడ మీద మేకు కన్నాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టించడం నాకు చాలా నచ్చింది.

మీ అన్నయ్య