ప్రశ్నలు – జవాబులు: సెల్యులర్ జైలు చూడబోయే గోదావరి పాఠకులకు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి విషయం ఒక్కటే కావడంతో శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయించాము.

ప్రశ్న: సోషల్ మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. సంక్రాంతి వెళ్ళాక కొడుకు కుటుంబంతో అండమాన్ ప్రయాణం పెట్టుకున్నాము. సెల్యులర్ జైలులో అన్నీ బోర్డుల మీద రాసే ఉంటాయి కాబట్టి గైడుకు డబ్బు దండగ అనీ, సాయంత్రం లైట్ అండ్ సౌండ్ ప్రదర్శన చూస్తే సరిపోతుందనీ మా అబ్బాయి వాదన. గైడు అవసరమా? అక్కడ ముఖ్యంగా ఏమి చూడాలి? – విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు

జవాబు: గైడును పెట్టుకోండి మాస్టారూ. అయితే ఆయన చెప్పడం పూర్తయిన వెంటనే బయటికి వచ్చేయకుండా, మరో గంటసేపు మీరే తిరిగి చూడండి.

బోర్డు మీద ఎవరు, ఎప్పుడు అన్నది ఉంటుంది. ఆ కట్టడం మనిషిని ఎలా శిక్షించేదో మాత్రం ఎవరైనా వేలితో చూపిస్తే తప్ప మన కంటికి ఆనదు. ఉదాహరణకు గది తలుపు గడియ చూడండి. అది తలుపుకు ఎదురుగా కాకుండా పక్కగోడలోకి, లోపలున్నవాడు ఊచల సందునుంచి చెయ్యి ఎంత చాచినా అందనంత దూరాన అమర్చి ఉంటుంది. గైడు మిమ్మల్ని లోపల నిలబెట్టి, బయటికి చెయ్యి పెట్టి ప్రయత్నించమంటాడు. అప్పుడు గాని ఆ పనితనంలోని క్రూరత్వం తెలియదు. అలాగే, మధ్యనున్న బురుజు నుంచి బండిచక్రపు ఆకుల్లా ఏడు విభాగాలు చీలి ఉండేవి. ప్రతి విభాగపు ముందుభాగం పక్క విభాగపు వీపును చూస్తూ ఉండడం వలన ఒక ఖైదీకి మరొక ఖైదీ ముఖం కనిపించేది కాదు. సావర్కర్ సోదరులిద్దరూ అదే జైలులో ఉండి కూడా చాలాకాలం ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా గడిపారని గైడ్లు చెప్పే కథకు ఆధారం ఈ కట్టుబడే. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన ఈ జైలులో పెద్ద హాళ్ళు లేవు, అన్నీ విడివిడి గదులే, మొత్తం 690కి పైగా. సెల్యులర్ అన్న పేరు అందుకే వచ్చింది. కట్టినది కూడా ఖైదీల చేతులతోనే. ఏడు విభాగాలలో ఇప్పుడు మిగిలినవి మూడే. తక్కినవి 1941 భూకంపంలో దెబ్బతినీ, ఆ తరువాత కూల్చివేతల్లోనూ పోయాయి. ఆ ఆవరణలోనే గోవింద్ వల్లభ్ పంత్ పేరిట ఆసుపత్రి వచ్చింది. జైలును జాతీయ స్మారకంగా ప్రకటించినది 1979 ఫిబ్రవరి 11న.

ఇక ముఖ్యంగా చూడవలసినది పనిశాల. ఈ విషయంలో మీ రాజోలువారికి ఏ గైడుకూ లేని అర్హత ఉంది. అక్కడి ఖైదీలకు వేసిన శిక్షలలో పెద్దవి రెండూ కొబ్బరికాయ చుట్టూ తిరిగినవే. ఒకటి గానుగ ఆడించడం, రెండవది డొక్క కొట్టి పీచు తీయడం. గానుగకు ఎద్దు బదులు మనిషిని పూన్చి, రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె గాని 10 పౌన్ల ఆవనూనె గాని తీయాలని లెక్క పెట్టారు. గైడు ఈ అంకె చెప్పినప్పుడు ఢిల్లీ నుంచి వచ్చినవారు అయ్యో అనుకుని ముందుకు కదులుతారు. మీరు అక్కడే ఆగి లెక్క కట్టండి. 30 పౌన్లంటే పదమూడున్నర కిలోలకు పైమాటే. అంత నూనె దిగాలంటే ఎండుకొబ్బరి ఇరవై కిలోలకు పైగా ఆడాలి. మన ఊళ్ళలో ఎద్దుగానుగ ఆడిన రోజులు మీ ఈడువారికి గుర్తుండే ఉంటాయి. ఎద్దుకు కూడా మధ్యలో నీళ్ళు పెట్టి, నీడన నిలిపి, కాసేపు మేత వేసేవారు. ఇక్కడ లెక్క తగ్గితే కొరడా దెబ్బలు, నిలువు సంకెళ్ళు. కొరడా దెబ్బలకు మనిషిని కట్టిన చట్రం నమూనా ఆ ఆవరణలోనే చూపిస్తారు.

పీచు పని పైకి తేలికగా కనిపిస్తుంది. కోనసీమలో డొక్కను నెలల తరబడి నీటిలో నానవేసి, మెత్తబడ్డాక కొడతారు. జైలులో మనిషికి రోజుకు ఇరవై కాయల ఎండు డొక్కలు ఇచ్చి, కొయ్యదిమ్మ మీద పెట్టి కొయ్యసుత్తితో నలగ్గొట్టి పీచు తీసి అప్పగించమనేవారని ఆనాటి ఖైదీలు తమ జ్ఞాపకాలలో రాసుకున్నారు. నానిన డొక్కకూ ఎండు డొక్కకూ ఉన్న తేడా ఏమిటో, అరచేతులు ఏమవుతాయో మీ మనవలకు మీరే చెప్పాలి. కుదిరితే బయలుదేరే ముందు పెరట్లో ఒక ఎండు డొక్క తీసి వాళ్ళ చేత పీచు లాగించి చూడండి. ఏ ఆడియో ప్రదర్శనా అంత చక్కగా చెప్పలేదు.

రావిచెట్టు తన కథ చెప్పుకుంటున్నట్టు నడిపించిన సాయంకాలపు ప్రదర్శనను మానుకోమని అనను. అది హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. కానీ చీకట్లో వెలిగే దీపాలు చూసేవాడికి గడియ కనబడదు, గానుగ కనబడదు. ఉదయం జైలు, సాయంత్రం ప్రదర్శన అనుకుని, ఆ రోజు మరో బీచి కార్యక్రమం పెట్టుకోకండి. సెలవు దినాలూ ప్రదర్శన వేళలూ మారుతుంటాయి కాబట్టి బస చేసిన చోట ముందురోజే కనుక్కోండి. తెలుగు చెప్పగల గైడు ఉన్నారా అని కూడా గేటు దగ్గర అడగండి, మొహమాటపడకండి. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడేవారు తక్కువేమీ కాదు. ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్ అని టికెట్ల మీద కనిపించినా 2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం అని మార్చారు, తికమకపడవద్దు.

ప్రశ్న: మా తాతగారి నాన్నగారి కాలంలో రంప పితూరీలో పట్టుబడినవారిని సెల్యులర్ జైలులో పెట్టారని ఇంట్లో చెప్పుకునేవారు. అక్కడ మనవాళ్ళ ఆనవాళ్ళు కనిపిస్తాయా? – పాఠకురాలు, భీమవరం

జవాబు: మీ ఇంట్లో చెప్పుకున్నది ఏ పితూరీ అన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే రంప పేరు మీద రెండు పెద్ద తిరుగుబాట్లు జరిగాయి. 1879లో మొదలైన మొదటి దానిలో పట్టుబడి అండమాన్‌కు ద్వీపాంతరం వెళ్ళినవారు ఈ కట్టడాన్ని ఎరుగరు. అప్పటికి దీనికి పునాది కూడా పడలేదు. అండమాన్‌లో ఖైదీల వలస 1858 మార్చిలోనే, సిపాయిల తిరుగుబాటు ముగియకముందే మొదలైంది. ఆ తొలి దశ ఖైదీలు చెట్లు నరికి, చిత్తడి పూడ్చి, రాస్, వైపర్, చాతమ్ దీవుల్లో చాకిరీ చేసినవారు. కాబట్టి మీ పెద్దలు మొదటి పితూరీకి చెందినవారైతే మీరు వెళ్ళవలసినది జైలుకన్నా ముందు రాస్ దీవికి. 2018 నుంచి దానికి నేతాజీ పేరు పెట్టారు. వైపర్ దీవిలో పాత ఉరికొయ్య కట్టడం కూడా ఉంది.

1922–24లో అల్లూరి సీతారామరాజు నడిపిన రెండవ పితూరీ నాటికి సెల్యులర్ జైలు పూర్తయి పదహారేళ్ళు. మన నరసాపురంలోనూ చదువుకున్న రాజు 1924 మే 7న కొయ్యూరు దగ్గర బలయ్యాక, ఆయన సేనానులలో ఒకరైన గాం మల్లుదొర అండమాన్ శిక్షకు వెళ్ళి, ప్రాణాలతో తిరిగి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. ద్వీపాంతరవాసం చేసిన మన్యం మనిషి పార్లమెంటులో కూర్చున్న సంగతి మన పిల్లలకే తెలియదు, గైడుకు తెలియదని కోపగించుకుని ఏమి లాభం? 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి కూడా అండమాన్ వెళ్ళినవారే. మధ్య బురుజులో పాలరాతి పలకల మీద ఖైదీల పేర్లు ప్రాంతాల వారీగా చెక్కి ఉంటాయి. బెంగాలీ పేర్ల వరుస చాలా పొడుగ్గా ఉంటుంది, అది న్యాయమే. ఓపికగా వెతికి మనవారి పేర్లు చదవండి. ఇంగ్లీషు అక్షరక్రమంలో తెలుగు పేర్లు గుర్తుపట్టరానట్టు ఉండవచ్చు, కాబట్టి ఇంటిపేరు మీద కాకుండా పూర్తి పేరు మీద దృష్టి పెట్టండి. ఆ పలకల మీద రాజకీయ ఖైదీలే ఉంటారు. అదే గానుగ తిప్పిన మామూలు నేరస్థుల పేర్లు ఎవరూ చెక్కలేదు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్ళు. ఉరికంబం గది చూస్తే రాత్రి నిద్రపోడేమోనని భయం. తీసుకువెళ్ళవచ్చా? – ఒక తల్లి, అమలాపురం

జవాబు: జైలుకు తీసుకువెళ్ళండి, ఉరిగదికి మాత్రం వాడు అడిగితేనే. ఒకేసారి ముగ్గురిని ఉరితీసేలా కట్టిన గది అది. గైడ్లలో కొందరు మీట లాగినట్టు అభినయించి మరీ చెబుతారు. అటు వెళ్ళే ముందే మీరు ఆయనతో, బాబు ఉన్నాడు కాబట్టి వర్ణన తగ్గించమని మెల్లగా చెప్పవచ్చు, వాళ్ళు నొచ్చుకోరు. పిల్లలకు భయం కన్నా తేలికగా అర్థమయ్యేది ఇరుకు. ఒక ఖాళీ గదిలోకి బాబును తీసుకువెళ్ళి, గోడ నుంచి గోడకు వాడి అడుగులతోనే కొలవమనండి. దాదాపు పది అడుగుల ఎత్తున ఉన్న చిన్న గవాక్షం ఎందుకు అంత పైన పెట్టారో వాడినే చెప్పమనండి. 1933 మే నెల నిరాహార దీక్షలో బలవంతంగా పాలు పట్టడం వలన ఖైదీలు మరణించిన సంగతి కూడా గైడు చెబుతాడు. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా ఆ దీక్షలోనే పోయారు. ఇది తొమ్మిదేళ్ళవాడికి చెప్పాలా వద్దా అన్నది తల్లిగా మీకే బాగా తెలుసు. నన్నడిగితే, వాళ్ళు అన్నం ఎందుకు మానేశారు అన్నంత వరకు చెప్పి ఆపుతాను. చదువుకోవడానికి పుస్తకాలు, దీపం, తినదగిన తిండి అడిగారు అంటే వాడికి సరిగ్గానే అర్థమవుతుంది.

ప్రశ్న: అండమాన్ వెళ్ళే స్తోమత లేదు. కాలేజీ ప్రాజెక్టు కోసం రాజమండ్రి సెంట్రల్ జైలు చూడవచ్చా? – డిగ్రీ విద్యార్థి, పాలకొల్లు

జవాబు: రాజమండ్రిది మ్యూజియం కాదు, ఈ రోజుకీ ఖైదీలున్న కేంద్ర కారాగారం. గైడు, టికెట్టు వంటివి ఉండవు. చదువు పని మీద వెళ్ళాలంటే కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా జైళ్ళ శాఖకు లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకోవాలి, అనుమతి వారి ఇష్టం. ఇంకొక మాట, కాస్త కటువుగా అనిపిస్తే మన్నించు: లోపలున్న మనుషులు ప్రదర్శన వస్తువులు కారు. మ్యూజియం అయిపోయిన జైలులో మనం ఎంతసేపు నిలబడి చూసినా చూడబడేవాడు ఎవడూ లేడు, ఇక్కడ ఉన్నాడు.

తిరిగి చూడదగిన పాత జైలు కావాలంటే తెలంగాణలోని సంగారెడ్డిలో ఉంది. 1796 నాటి ఆ జైలును 2016లో మ్యూజియంగా మార్చి, 500 రూపాయలు కట్టినవారిని 24 గంటలు ఖైదీ దుస్తుల్లో, ఖైదీ తిండితో ఉంచే పథకం కూడా అప్పట్లో పెట్టారు. సరదాకి ఒక రోజు జైలు అన్న ఆలోచన నాకు రుచించలేదు, మ్యూజియం మాత్రం చూడదగినదే. వెళ్ళే ముందు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కో. పాలకొల్లు నుంచి అక్కడికి వెళ్ళలేకపోయినా ప్రాజెక్టు ఆగనవసరం లేదు. ఉప్పు సత్యాగ్రహం నాటికి మీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జైళ్ళకు వెళ్ళినవారి కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి; రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ వేలూరు, మదురై జైళ్ళలో ఉన్నారు. ఎవరు ఏ జైలుకు, ఎంత దూరం, ఎన్ని నెలలు వెళ్ళారో మీ ఒక్క మండలానికి పట్టిక తయారుచేసినా చక్కని ప్రాజెక్టు అవుతుంది.

ప్రశ్న: ఆనాటి ఖైదీలు వెళ్ళినట్టే ఓడ మీద వెళ్ళాలని మా స్నేహితుల కోరిక. వీలవుతుందా? – నరసాపురం

జవాబు: వీలవుతుంది. చెన్నై, కోల్‌కతాల నుంచి ప్రయాణికుల ఓడలు నడుస్తాయి, విశాఖ నుంచి కూడా అప్పుడప్పుడు ఉంటుంది. విశాఖ నుంచి సుమారు 56 గంటల ప్రయాణం, వాతావరణాన్ని బట్టి ఇంకా ఎక్కువ. ఓడల తేదీలు నెలముందు మాత్రమే తెలుస్తాయి, పైగా మారుతుంటాయి. అందుచేత వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకుంటే సెలవు లెక్క తప్పదు. గోదావరి మీద లాంచీ ఎక్కిన అలవాటును నమ్ముకుని వాంతుల మాత్రలు మానేయకండి. ఊరగాయ జాడీ బదులు మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బా తీసుకువెళ్ళండి.