వెలికొండల్లో తేలిక నడక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

భైరవకోన, పెంచలకోన, ఉదయగిరి కొండల్లో నడక గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలను ఏరి ఈ నెల జవాబులిస్తున్నాం.

మాకు ఎనిమిదేళ్లు, పదకొండేళ్ల పిల్లకాయలు ఇద్దరు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అందరం కలిసి ఒక్కరోజులో వెళ్లొచ్చేలా, పిల్లలకు వింత రాళ్లు చూపించేలా ఏదన్నా చోటు చెప్పండి. ఏ నెలలో వెళ్లాలి? – ఒక పాఠకురాలు, కావలి

భైరవకోనకు వెళ్లండి. చంద్రశేఖరపురం మండలం అంబవరం కొత్తపల్లి దగ్గర ఉంది. మీకు ఉదయగిరి, సీతారామపురం మీదుగా దగ్గర. కందుకూరు వైపు వాళ్లకైతే పామూరు, చంద్రశేఖరపురం మీదుగా రోడ్డు ఉంది. ఒకే కొండ చరియను తొలిచి చేసిన 8 గుహాలయాలు, వాటి పక్కనే జలపాతం. ఆలయాలు చూశాక అత్తగారు నీడన కూర్చుంటే, మీరు పిల్లలతో వాగు వెంట కాస్త దూరం నడిచి రావచ్చు.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మన వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి ఆ తర్వాతే వాగుల్లో నీళ్లు బాగుంటాయి. తుఫాను వాన పడితే మాత్రం కనీసం మూడు రోజులు ఆగి బయలుదేరండి. కార్తీక పౌర్ణమికి భక్తులు కిక్కిరిసి ఉంటారు. ఆ రోజు దర్శనానికే తప్ప రాళ్లు చూడటానికి వీలు కాదు.

ఉదయం ఏడున్నరకల్లా అక్కడుండాలి. ఎనిమిది గుడుల్లో ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా ఉన్నాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు రాతిలోని పొరలు, ఉలి గాట్లు బాగా కనిపిస్తాయి. సాయంత్రం కొండ అడ్డొచ్చి కోనలో త్వరగా మసక కమ్ముతుంది. నాలుగు దాటాక వాగులో ఉండొద్దు. గుడుల దగ్గర చెప్పులు విడవాలి కదా, పదకొండు దాటితే బండ కాలుతుంది. పిల్లలకు దళసరి మేజోళ్లు వెంట తీసుకెళ్లండి.

అత్తగారికి చేతికర్ర తప్పనిసరి. నొప్పి ఉన్న కాలి వైపు కాదు, అవతలి చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు వెయ్యమనండి. మోకాలిని ఎక్కువ బాధించేది దిగడమే.

నీళ్లు పెద్దలకు తలా రెండు లీటర్లు, పిల్లలకు తలా లీటరు. జలపాతం కింది గుండంలో నీళ్లు తేటగా ఉన్నా తాగొద్దు. ఓఆర్ఎస్ తీసుకెళితే, లీటరు ప్యాకెట్టును మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపండి. గ్లాసుడు నీళ్లలో సగం ప్యాకెట్టు వేసి తాగిస్తే ఉప్పు మోతాదు మించి పిల్లలకు మేలుకు బదులు కీడు జరుగుతుంది.

పెంచలకోన జలపాతం దారిలో మావాడు బండ మీద జారి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వేసుకున్నవి కొత్త బూట్లే. తోటివాళ్లు ఎవరూ జారలేదు. ఎందుకిలా? – ఒక పాఠకుడు, పొదలకూరు

బూటు కొత్తదా పాతదా అన్నది ముఖ్యం కాదు, అడుగు ఏ రాయి మీద పడిందన్నదే ముఖ్యం. వెలికొండల్లో ప్రధానంగా రెండు రకాల రాళ్లున్నాయి. ఒకటి క్వార్ట్‌జైట్. ఇసుకరాయి భూమి లోపలి వేడికి, ఒత్తిడికి గట్టిపడి అయినది. రెండోది షేల్, పలకరాయి జాతి. బురద పేరుకుని గట్టిపడితే అయినది, పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఈ రెండింటి మీద అడుగు ఒకేలా పడదు.

పొడిగా ఉన్న క్వార్ట్‌జైట్ బండ మీద రబ్బరు అడుగు గట్టిగా పట్టుకుంటుంది. అదే బండ వాగు నీళ్లకు తడిసి పాచి పడితే, నీళ్లు ఎన్నో ఏళ్లుగా నునుపు చేసిన రాయి కాబట్టి ఏ బూటూ ఆగదు. ఆకుపచ్చ పాచి కంటికి కనిపిస్తుంది. మోసం చేసేది నల్లపాచి. ఎండిపోయినప్పుడు రాతి రంగులో కలిసిపోయి మరకలా కనిపిస్తుంది. దాని మీద చిటికెడు నీళ్లు పడినా జారుడే. ముందు నడిచినవాళ్ల బూట్ల తడి ఆ మరక మీద పడి, వెనక వచ్చిన మీవాడు జారి ఉండొచ్చు. నల్లగా నిగనిగలాడే చోట ముందు బూటు కొనతో రాసి చూడాలి. జారితే చుట్టూ తిరిగి వెళ్లాలి. తప్పనిసరైతే కూర్చుని జరగాలి.

షేల్ పెంకుల వాలు మీద ప్రమాదం వేరు. అడుగు వెయ్యగానే పెంకులు కదిలి కిందికి దొర్లుతాయి. అక్కడ నిటారుగా దిగకుండా వంకరగా అటూ ఇటూ దిగాలి. ఒకరి కింద మరొకరు ఉండకూడదు, పైవాళ్లు కదిల్చిన రాయి కిందివాళ్ల తలకే తగులుతుంది.

ఇంకో సంగతి. గట్టి క్వార్ట్‌జైట్ పైన, మెత్తటి షేల్ కింద ఉన్నచోట, షేల్ అరిగి పైబండకు ఆధారం పోతుంది. క్వార్ట్‌జైట్‌లో నిలువు పగుళ్లుంటాయి కాబట్టి అది సున్నం పెట్టని రాతిగోడలా దిమ్మెలు దిమ్మెలుగా ఊడిపడుతుంది. నీడగా ఉందని చరియ పాదంలో కూర్చుని భోజనాలు చేసేవాళ్లు, ముందు కింద పడి ఉన్న దిమ్మెలను చూడండి. విరిగిన ముఖం నల్లబడి దాని మీద బూజులాంటి మచ్చలుంటే ఎప్పుడో పడినది. తెల్లగా, గులాబీ రంగుగా పచ్చి విరుపు కనిపిస్తే ఈ మధ్యే పడింది. అక్కడ కూర్చోవద్దు.

ఈ ప్రాంతంలో శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. అటవీ సిబ్బంది వద్దన్న రోజున వెనక్కి రావాల్సిందే. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైకొండల్లో వాన పడితే వాగు పొంగుతుంది. తేటనీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, నీటి హోరు పెరిగినా, సంచులు వదిలేసి పక్కనున్న గట్టు ఎక్కండి. వాగు వెంబడి కిందికి పరుగెత్తొద్దు.

కొండల్లో ఒక బండ మీద అలల్లాంటి గీతలు, ఇంకో పలక మీద నల్లటి ఆకు ముద్ర కనిపించాయి. రెండూ శిలాజాలేనా? పలకను ఇంటికి తెచ్చుకోవచ్చా? – ఒక డిగ్రీ విద్యార్థిని, కనిగిరి

రెండూ శిలాజాలు కావమ్మా. అలల గీతలు నిజంగా నీటి ముద్రలే. ఈ రాళ్లు కడప బేసిన్‌కు (ఒకప్పుడు ఇసుక, బురద పేరుకున్న విశాలమైన పల్లానికి) చెందినవి, వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. అప్పట్లో ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. అడుగునున్న ఇసుక మీద నీటి కదలిక వేసిన మడతలు అలాగే గట్టిపడ్డాయి. ఈసారి వెళ్లినప్పుడు మడతను పక్కనుంచి చూడు. రెండు వైపులా వాలు సమానంగా ఉంటే అలలు ముందుకూ వెనక్కూ ఊగిన చోటు. ఒకవైపు ఏటవాలుగా, రెండో వైపు నిటారుగా ఉంటే నీరు ఒకే దిక్కుకు పారింది. నిటారు వైపే నీరు పోయిన దిక్కు.

నల్ల ఆకు ముద్ర డెండ్రైట్ అయి ఉంటుంది. పగుళ్లలోకి దిగిన నీటిలోని మాంగనీసు కొమ్మలు కొమ్మలుగా పేరుకుని ఆ ఆకారం వస్తుంది. భూతద్దంలో ఈనెలు, ఆకు అంచు కనపడవు. పైగా ఈ రాళ్లు ఏర్పడ్డ నాటికి భూమ్మీద ఆకుల మొక్కలే లేవు.

పలకను అక్కడే ఉంచి రా. అభయారణ్యం నుంచి ఏదీ తేకూడదు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, బండ ఏ వైపుకు వాలిందో రాసుకుంటే అదే నీకు ఎక్కువ పనికొస్తుంది. కింద పడి ఉన్న ఎర్రచందనం పుల్లను కూడా ముట్టుకోవద్దు.

సైదాపురం, రాపూరు వైపు నేలంతా మెరుస్తుంది. పిల్లలను దింపి చూపించొచ్చా? – ఒక ఉపాధ్యాయుడు, గూడూరు

అది అభ్రకం. రోడ్డు పక్క చూపించండి, గోటితో పొరలు తీయించండి. పాత గనుల గుంతల దగ్గరకు మాత్రం వద్దు. గట్లు లోపలికి తొలుచుకుపోయి ఉంటాయి, నీళ్లు నిండితే లోతు తెలియదు.

ఉదయగిరి దుర్గం పిల్లలతో ఎక్కగలమా? తేనెటీగల భయం ఉందంటున్నారు. – ఒక పాఠకుడు, ఆత్మకూరు

పదేళ్ల లోపు పిల్లలతో పైదాకా వద్దు. కొండ ఎత్తు 3,000 అడుగులకు పైనే, నీడ తక్కువ. కింది కట్టడాలు చూసి వచ్చేయండి.

పెద్ద తేనెపట్టులు చరియల అంచుల కింద వేలాడతాయి. కనిపిస్తే అగరుబత్తి, సిగరెట్టు, సెంటు, కేకలు ఏవీ వద్దు. ఈగలు లేస్తే చేతులతో తోలొద్దు. తువాలు ముఖానికి కప్పుకుని వచ్చిన దారినే దూరంగా పోవాలి. నీళ్లలో మునగొద్దు, పైకి లేచేదాకా అవి అక్కడే తిరుగుతుంటాయి. కుట్టిన ముల్లును ఆలస్యం చేయకుండా గోటితో గీకి తీసెయ్యాలి. పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కొండ మడతల్లో సిగ్నల్ దొరకదు, కాబట్టి మెయిన్ రోడ్డు దగ్గర సిగ్నల్ చివరిసారి ఎక్కడ కనిపించిందో వెళ్లేటప్పుడే గుర్తు పెట్టుకోండి.