బ్లోయర్ ఆగి ఆగి పనిచేస్తోంది, బ్యాటరీ కూడా దిగిపోతోంది అంటే ముందు బ్లోయర్ రెగ్యులేటర్ చూడండి

మీ బండిలో బ్లోయర్ ఒక్కోసారి దానంతటదే ఆగిపోతోంది, కాసేపటికి మళ్లీ వస్తోంది, వచ్చినా గాలి వేడిగా ఉండట్లేదు, రెండు రోజులు తీయకపోతే సెల్ఫ్ కొట్టట్లేదు, బ్యాటరీ కొత్తది వేసినా అదే కథ, ఇంతేకదా. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న బండి అన్నారు కాబట్టి నా అనుమానం బ్లోయర్ రెగ్యులేటర్ (బ్లోయర్ స్పీడు పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ ముక్క) మీదే. గాలి వేడిగా రాకపోవడం మాత్రం వేరే గొడవ, దాని సంగతి కింద చెప్తా, రెండూ కలిపి చూస్తే తల తిరుగుతుంది.

నా బండికి కూడా దాదాపు ఇలాగే అయింది. మెకానిక్ బ్యాటరీ పోయిందన్నాడు, మార్పించా, అదీ డౌన్ అయింది. తర్వాత ఎలక్ట్రీషియన్ నెగటివ్ కేబుల్ ఊడదీసి మధ్యలో మల్టీమీటర్ పెట్టి చూశాడు, సుమారు 30 మిల్లీఆంప్స్ చూపించింది, అది మామూలే (50 లోపు ఉంటే చాలా బండ్లకి ఓకే), లీకేజీ ఏమీ లేదు సార్ అని పంపించేశాడు. కిటుకంతా ఇక్కడే ఉంది. బ్యాటరీ కేబుల్ తీసేసరికి, కీ తీసినా కరెంట్ లాగుతూ మొండికేసిన రెగ్యులేటర్ రీసెట్ అయిపోతుంది, ఇక మీటర్‌లో ఏం కనపడుతుంది, అన్నీ బుద్ధిగా ఉన్నట్టే కనపడతాయి.

అందుకని రెండోసారి కేబుల్ తీయకుండా క్లాంప్ మీటర్‌తో చూశాం. డీసీ కరెంట్ కొలిచేది అయ్యుండాలి, చవకగా దొరికేవాటిలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, అవి ఇక్కడ పనికిరావు. ముందు జీరో చేసి, నెగటివ్ కేబుల్ చుట్టూ తగిలించి, ఇంజిన్ ఆన్ చేసి బ్లోయర్ కాసేపు ఫుల్‌లో తిప్పి, ఆపేసి కీ తీసేశాం. బానెట్ తెరిచే ఉంటుంది కాబట్టి దాని లాచ్‌ని, డ్రైవర్ డోర్ లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి లాక్ పడేలా చేయండి, లేకపోతే డోర్ తెరిచి ఉందనుకుని బండి నిద్రపోదు (తర్వాత హ్యాండిల్ లాగి లాచ్ వదిలించాకే డోర్ మూయండి, మర్చిపోయి దబాల్న వేస్తే లాచ్ పాడవుతుంది). కీ కూడా బండికి దూరంగా పెట్టండి. అన్ని మాడ్యూల్సూ (బండిలోని ఎలక్ట్రానిక్ కంట్రోల్ బాక్సులు) పడుకోవడానికి అరగంట, ఒక్కో బండికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది, ఓపిగ్గా ఉండాలి. అంతసేపు ఆగినా మాది అర ఆంపు దగ్గరే కూర్చుంది, కిందికి దిగట్లేదు. ఫ్యూజులు ఒక్కోటీ తీస్తూ పోతే బ్లోయర్ ఫ్యూజు తీయగానే టక్కున పడిపోయింది.

అర ఆంపే కదా అనిపిస్తుంది, కానీ రోజుకి 12 ఆంపియర్ అవర్లు పోతాయి. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే రెండు మూడు రోజుల్లో సగం ఖాళీ, ఆ సగానికే చాలా బండ్లు సెల్ఫ్ దగ్గర మూలుగుతాయి, చలి ఎక్కువైతే అస్సలు కొట్టవు. మీ రెండు రోజుల లెక్క దీనికి బాగానే సరిపోతోంది.

రెగ్యులేటర్ చాలా బండ్లలో గ్లోవ్ బాక్స్ వెనకో కిందో, బ్లోయర్ పక్కనే, గాలి తగిలేచోట ఉంటుంది, అల్యూమినియం రెక్కలతో చిన్న ముక్క. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్నే చెయ్యి పెట్టి చూస్తే అది గోరువెచ్చగా ఉంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మాత్రం చల్లగా ఉంది, అప్పుడు ఇంక మీటర్ కూడా అక్కర్లేదనిపించింది. కనెక్టర్ లాగితే ఒక పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి మారి కాస్త కరిగింది, బ్లోయర్ ఆగి ఆగి రావడానికి కారణం అదే, వేడెక్కితే కాంటాక్ట్ వదిలేస్తుంది, చల్లారితే పట్టుకుంటుంది. మీరు చెయ్యి పెట్టేటప్పుడు ఆ ఏరియాలో పసుపు రంగు కనెక్టర్లు కనపడితే ముట్టుకోకండి, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి.

చాలామంది రెగ్యులేటర్ ఒక్కటే మార్చి ఊరుకుంటారు, కొన్నాళ్లకి కొత్తది కూడా కాలిపోతుంది, పార్ట్ డూప్లికేట్ అని తిట్టుకుంటారు. అసలు అది ఎందుకు కాలిందో చూడాలి కదా. మాదాంట్లో బ్లోయర్ మోటారు బేరింగ్ బిగుసుకుపోయింది, చేత్తో తిప్పితే ఫ్రీగా తిరగట్లేదు, కీచుమంటోంది, అలాంటి మోటారు ఎక్కువ కరెంట్ లాగుతుంది, ఆ వేడంతా రెగ్యులేటర్ మీదా కనెక్టర్ మీదా పడుతుంది. పైగా ఆ రెగ్యులేటర్‌ని చల్లబరిచేది బ్లోయర్ గాలే, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే ఆ గాలీ తగ్గుతుంది. కాబట్టి మోటారు, రెగ్యులేటర్, కరిగిన కనెక్టర్ మూడూ ఒకేసారి మార్పించండి, ఫిల్టర్ ఎలాగూ చవకే. వైపర్ల కింద ఆకులు పేరుకుని నీళ్లు బ్లోయర్ మీదికి కారుతున్నాయేమో కూడా ఓసారి చూడండి, కార్పెట్ తడిగా ఉంటే ఆ అనుమానం ఇంకాస్త బలపడుతుంది.

అన్నట్టు ఇది చదివే మాన్యువల్ నాబ్ బండ్లవాళ్లకి ఒక మాట, నాలుగు స్పీడుల్లో చివరిది మాత్రమే పనిచేస్తుంటే పోయింది రెసిస్టర్ (ఆ బండ్లలో స్పీడు తగ్గించే ముక్క), దానివల్ల కీ తీశాక బ్యాటరీ దిగదు, దిగుతుంటే బ్లోయర్ రిలే అతుక్కుపోయిందేమో చూసుకోండి.

ఇక వేడి సంగతి. గాలి బాగా వస్తూ చల్లగా ఉంటే ముందు కూలెంట్ లెవెల్ చూడండి, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి సుమా. టెంపరేచర్ ముల్లు ఎంతసేపు నడిపినా మామూలు చోటికి రాకపోతే థర్మోస్టాట్ (రేడియేటర్‌కి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వ్) తెరుచుకుని ఉండిపోయినట్టు. ముల్లు సరిగ్గానే ఉంటే, హీటర్‌ని ఫుల్ వేడి మీద పెట్టి, ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా చెయ్యి ఉంచుకుని, హీటర్‌కి వెళ్లే రెండు పైపులనీ జాగ్రత్తగా తాకి చూడండి, ఒకటి కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే హీటర్ కోర్ (వేడి కూలెంట్‌తో గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) పూడుకుపోయింది లేదా వాల్వ్ ఉన్న బండ్లలో అది మూసుకుపోయింది. రెండూ వేడిగానే ఉండి గాలి చల్లగా వస్తుంటే లోపల వేడి చల్లదనం కలిపే ఫ్లాప్ కదలట్లేదన్నమాట. ఆన్ చేయగానే డాష్‌బోర్డ్ వెనక టిక్ టిక్ మని చప్పుడొస్తుంటే దాని యాక్చుయేటర్‌లో (ఫ్లాప్‌ని కదిపే చిన్న మోటారు) పళ్లు అరిగిపోయి ఉండొచ్చు.

ఒకవేళ బ్లోయర్ ఫ్యూజు తీసినా ఆ కరెంట్ తగ్గకపోతే మిగతా ఫ్యూజులు చూడండి, బానెట్ కింద బాక్సు కూడా మర్చిపోకండి. అన్నీ తీసినా తగ్గట్లేదంటే ఆల్టర్నేటర్ డయోడ్ లీకవుతోందేమో, దాని లావు వైరు నేరుగా బ్యాటరీకే వెళ్తుంది కాబట్టి చిన్న ఫ్యూజులు పీకితే తెలీదు. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ వైరు ఆల్టర్నేటర్ నుంచి ఊడదీసి, దేనికీ తగలకుండా టేపు చుట్టి, నెగటివ్ మళ్లీ పెట్టి మీటర్ చూడండి, ఆ అర ఆంపు మాయమైతే బ్లోయర్‌ని వదిలేసి ఆల్టర్నేటర్ విప్పించండి.