లాజిస్టిక్స్ మేనేజ్‌మెంట్ అంటే లారీలు మాట్లాడి సరుకు పంపడమేనా?

డిగ్రీ అయ్యాక లాజిస్టిక్స్‌లో చేరాలనుకుంటున్నాను, అందులో ట్రాన్స్‌పోర్ట్ కాకుండా నేర్చుకోవాల్సింది ఏముంటుంది అని అడిగారు. నేను మొదట గోడౌన్‌లో, తర్వాత డిస్పాచ్‌లో పనిచేశాను. నా లెక్కలో ట్రాన్స్‌పోర్ట్ అనేది బయటికి కనిపించే భాగం మాత్రమే. అసలు బుర్ర పెట్టాల్సింది సరుకు కదిలేటప్పుడు కాదు, ఆగినప్పుడు.

ముడిసరుకు లోపలికి రావడం, తయారైన సరుకు కస్టమర్‌కు చేరడం, వద్దని తిప్పి పంపినది వెనక్కి రావడం, ఇవన్నీ లాజిస్టిక్స్ కిందికే వస్తాయి. ఈ దారుల్లో సరుకు ఎక్కడెక్కడ ఆగుతుందో చూడండి. గేటు దగ్గర అన్‌లోడింగ్ కోసం, తర్వాత క్వాలిటీ చెకింగ్ కోసం, ర్యాకులో ఆర్డర్ కోసం, చివరికి బిల్లు రాక డిస్పాచ్ దగ్గర. ఆగినన్నాళ్లూ అందులో డబ్బు ఇరుక్కుంటుంది. వడ్డీ, అద్దె, బీమా, పాడైపోయే రిస్కు, ఇవేవీ లారీ కిరాయి బిల్లులో కనపడవు. అందుకే కిరాయి తగ్గించానని గొప్పలు చెప్పే మేనేజర్‌ను నేను వెంటనే మెచ్చుకోను. బండి నిండేదాకా సరుకు ఆపి ఉంటే ఆ మిగులు గోడౌన్‌లోనే కరిగిపోయి ఉండొచ్చు.

కంటైనర్ సంగతే తీసుకోండి. 1956 ఏప్రిల్‌లో అమెరికాలో లారీల వ్యాపారం నుంచి వచ్చిన మాల్కమ్ మెక్‌లీన్ 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ మీద 58 కంటైనర్లను న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. ఓడ వేగమేమీ పెరగలేదు. బస్తాలు, పెట్టెలు ఒక్కొక్కటిగా ఎక్కించి దించే పని తప్పింది, అంతే. ఆ పద్ధతి పాకాక ఓడలు రేవులో రోజుల తరబడి పడి ఉండడం తగ్గింది, ఖర్చూ దానితోపాటే తగ్గింది.

ఇంకొకటి, సగటును నమ్మకండి. ఒక సప్లయర్ ఎప్పుడూ 10 రోజుల్లోనే సరుకు ఇస్తాడనుకోండి. ఇంకొకరి సగటు 8 రోజులే కానీ ఒకసారి 4, ఒకసారి 15 పడుతుంది. కొత్తవాళ్లు రెండో వ్యక్తినే ఎంచుకుంటారు. రేటు ఒకటే అయితే నేను మొదటివాడి వైపే మొగ్గుతాను. రెండో వ్యక్తి కోసం 15 రోజులకు సరిపడా స్టాక్ పెట్టుకుని కూర్చోవాలి, లేదా ప్రతి ఆర్డర్‌కూ టెన్షన్ పడాలి.

ప్యాకింగ్‌ను చిన్నచూపు చూడొద్దు. చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. అలా వచ్చిన బరువు, అసలు బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. 60×50×40 పెట్టెలో 6 కిలోల దిండ్లు పెడితే 24 కిలోలకు కట్టాలి! పెద్ద పెట్టెలు వాడొద్దని మా ప్యాకింగ్ వాళ్లతో ఎన్నిసార్లు వాదించానో.

కోర్సులు, సాఫ్ట్‌వేర్ తర్వాత చూసుకోవచ్చు, ఎక్సెల్ మాత్రం బాగా రావాలి. చేరిన కొత్తలో ఒక ఆర్డర్‌ను పట్టుకుని, అది వచ్చినప్పటి నుంచి డెలివరీ అయ్యేదాకా ఏ దశలో ఎంతసేపు ఆగిందో రాసుకోండి. ఇంటర్వ్యూలో మీరు కూడా ఒక ప్రశ్న అడగండి: కంప్యూటర్‌లో చూపించే స్టాక్‌కూ ర్యాకులో ఉన్న స్టాక్‌కూ ఎంత తేడా వస్తుంది అని. తేడానే ఉండదంటే అక్కడ లెక్కపెట్టడం లేదని నా అనుమానం. ఇంత వస్తుంది, ఫలానా కారణాల వల్ల వస్తుంది అని చెప్పారా, అక్కడ చేరండి.