24 బిట్ ఫ్లాక్‌కీ సీడీకీ తేడా తెలియట్లేదా?

సెకనుకు 1,92,000 నమూనాలుండే (192 కిలోహెర్ట్జ్) ఫ్లాక్ పాటలు, అంటే నాణ్యత పోకుండా కుదించిన ఫైళ్లు కొన్నా, బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో సీడీ నుంచి కాపీ చేసిన పాటల్లానే ఉన్నాయన్నారు కదండీ, మీ చెవులకేం కాలేదు. ఆ ఫైలు విప్పితే సెకనుకు 9,216 కిలోబిట్లు. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే ఎల్‌డాక్ పద్ధతి గరిష్ఠంగా మోసేది 990. సీడీకే 1,411 కావాలి! రెండూ కుదించుకునే మీ దాకా వస్తున్నాయి. ముందు యూఎస్‌బీ డాక్ (డిజిటల్ పాటను హెడ్‌ఫోన్ సిగ్నల్‌గా మార్చే చిన్న పరికరం) పెట్టి, వైరున్న హెడ్‌ఫోన్‌తో వినండి. అప్పుడూ తేడా తెలియకపోతే ఆశ్చర్యం లేదు: మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు, సెకనుకు 44.1 వేల నమూనాలుండే సీడీ అందులో సగం, 22 కిలోహెర్ట్జ్ దాకా ఇస్తుంది.

కొన్న ఫైళ్ల మీద అనుమానముంటే స్పెక్‌లో (పాటలోని ధ్వని ఏ కిలోహెర్ట్జ్ దాకా ఉందో బొమ్మగా చూపే సాఫ్ట్‌వేర్) తెరవండి. 22 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే, బహుశా సీడీ నుంచి సాగదీసిన సరుకే. డబ్బు వెనక్కి అడగండి. ఇకపై సీడీ స్థాయి 44.1 కిలోహెర్ట్జ్ ఫ్లాక్ కొనుక్కుని, మిగిలింది మంచి హెడ్‌ఫోన్ మీద పెట్టడం నయం. ఐఫోన్ కోసం ఆలాక్‌లోకి (ఫ్లాక్ లాంటిదే, యాపిల్ వాళ్లది) మార్చుకున్నా నాణ్యతేమీ పోదు.