గోదారికి నీలం రంగే వెయ్యాలా?

డ్రాయింగు మాస్టారికి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాస్టారూ, మా బాబు రెండో తరగతి. గోదారి బొమ్మ గీసి నీళ్ళకి మట్టిరంగు క్రేయాన్ వేశాడు. నీళ్ళు నీలంగా ఉండాలని బళ్ళో ఆ బొమ్మని కొట్టేశారట. అప్పటినుంచి రంగుల పెట్టె తీయమంటేనే టెన్షన్ పడుతున్నాడు. – ఒక తల్లి, రావులపాలెం

జవాబు: మీ బాబు వేసిందే సరైన రంగమ్మా. శ్రావణమాసంలో జొన్నాడ వంతెన మీద నిలబడి కిందికి చూడండి. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టితో గోదారి చిక్కటి టీలా పోతుంటుంది. అందులో నీలం ఎక్కడుంది? మాఘమాసానికి నీళ్ళు తేరుకున్నాక కావాలంటే నీలం వెయ్యొచ్చు, అప్పుడైనా కాస్త ఆకుపచ్చ కలపాలి. పిల్లాడు చూసిందే వేశాడు. చూసి వేసేవాడికి చెయ్యి తిరగడం ఎంతసేపు!

ఈసారి పక్కన కూర్చుని ఇలా చేయించండి. క్రేయాన్ మీది కాగితం ఒలిచి, కణికెని అడ్డంగా పడుకోబెట్టి పసుపు రంగు తేలిగ్గా రాయమనండి. దాని మీద మట్టిరంగు, ప్రవాహం ఎటు పోతే అటు, ఒకేవైపు గీతలుగా. అక్కడక్కడా ఎరుపు. పసుపుని పూర్తిగా కప్పెయ్యకూడదు. సందుల్లోంచి తొంగిచూసే ఆ పసుపే నీటి మీద ఎండ. ఎప్పుడూ లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. తిరగేసి వేస్తే ముదురు మైనం లేతదానికి అంటుకుని మురికిగా తేలుతుంది. కొబ్బరాకుకీ, నారుమడికీ కూడా అడుగున పసుపు వేయించి చూడండి, ఆకుపచ్చకి ఎక్కడ లేని ప్రాణం వస్తుంది.

వీలైతే ఒక ఆదివారం రాజమండ్రి తీసుకెళ్ళి దామెర్ల రామారావు గారి చిత్రశాల చూపించండి. 1925లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండానే పోయారాయన. మన గోదారి ఒడ్డునే పుట్టిన చిత్రకారుడు రంగులు ఎలా వాడారో పిల్లలు దగ్గర నుంచి చూడాలి.

ప్రశ్న: క్రేయాన్లు ఎవరు కనిపెట్టారండీ? – డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: మైనంలో రంగు కలిపి బొమ్మలు వెయ్యడం చాలా పాత విద్య బాబూ. ఈజిప్టులో ఫాయుం ప్రాంతపు సమాధుల్లో దొరికిన ముఖచిత్రాల్లో చాలావాటిని సుమారు 2000 ఏళ్ళ కిందట తేనెమైనంతోనే వేశారు. బడిపిల్లల పెట్టెలో క్రేయాన్లకి పేరు తెచ్చింది మాత్రం అమెరికాలో బిన్నీ అండ్ స్మిత్ కంపెనీ. ఎడ్విన్ బిన్నీ, హెరాల్డ్ స్మిత్ వరసకి అన్నదమ్ములు. మొదట్లో కొట్టాలకి పూసే ఎర్రరంగు, నల్లటి మసిపొడి అమ్మేవారు. తర్వాత బళ్ళకి పలక పుల్లలు, పొడి రాలని సుద్దముక్కలు చేశారు. బళ్ళతో ఆ రాకపోకల వల్లే పిల్లలకి మంచి రంగులు లేవని తెలిసింది. 1903లో పారఫిన్ మైనంలో రంగుపొడి కలిపి, ఎనిమిది రంగుల క్రేయోలా పెట్టె తెచ్చారు. వెల 5 సెంట్లు. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, మట్టిరంగు, నలుపు. నన్నడిగితే ఇప్పటికీ ఆ ఎనిమిదీ చాలు. 1958లో 64 రంగులతో, చెక్కుకునే షార్పనర్ తో సహా పెట్టె వచ్చింది. పిల్లలకి అదో సంబరం, కాదనను. కానీ రంగు మీద రంగు వేసి కొత్తది పుట్టించే ఆనందం చిన్న పెట్టెలోనే ఎక్కువ.

ప్రశ్న: మా చెల్లి 'స్కిన్ కలర్' క్రేయాన్ అయిపోయిందని అమ్మమ్మ బొమ్మ ఆపేసింది. వేరే ఏది వెయ్యాలి? – తొమ్మిదో తరగతి అమ్మాయి, ముమ్మిడివరం

జవాబు: ఆ కణికె అయిపోవడమే మంచిదయిందమ్మా! తెల్లవాళ్ళ ఒంటిరంగు ఒక్కదానికే 'ఒంటిరంగు' అని పేరు పెట్టడం న్యాయం కాదు. క్రేయోలా వాళ్ళే 1962లో ఆ పేరు తీసేసి 'పీచ్' అని మార్చారు. 2020లో రకరకాల ఒంటిఛాయలతో 24 క్రేయాన్ల పెట్టె తెచ్చారు. మీ చెల్లిని అమ్మమ్మ చెయ్యి పట్టుకుని చూడమను. అరచెయ్యి ఒక రంగు, మోచెయ్యి ఇంకో రంగు. మట్టిరంగు తేలిగ్గా రాసి, పైన నారింజ, ముడతల దగ్గర కాస్త ఊదా. ఊదా వెయ్యడానికి భయపడొద్దని చెప్పు. బొమ్మ అయ్యాక నాకు పంపించండి, చూడాలని ఉంది.

ప్రశ్న: విరిగిన ముక్కలు పారెయ్యడమేనా? – గృహిణి, అమలాపురం

జవాబు: అయ్యో, పారెయ్యకండి. కాగితాలు ఒలిచి, వంటకి వాడని పాత గిన్నెలో వేసి, ఆ గిన్నెని వేడినీళ్ళలో ఉంచి కరిగించండి. నేరుగా మంట మీద పెట్టొద్దు, మైనానికి నిప్పంటుకుంటుంది. పిల్లల్ని దూరంగా ఉంచి, మూలన పడేసిన ఇడ్లీ రేకుల్లో పోసి ఆరనివ్వండి. ఆ రేకులు మళ్ళీ తిండికి వాడకూడదు. గుండ్రటి పెద్ద ముక్కలు చిన్నపిల్లల పిడికిట్లో బాగా ఇముడుతాయి. రోహిణి కార్తెలో మాత్రం కిటికీ దగ్గర పెట్టకండి.